గుర్తు వేరు, గుర్తింపు వేరు

తెలుగులో ‘గుర్తు’ అన్న మాటకు రెండు ముఖాలున్నవి. వస్తువు మీదనో పశువు మీదనో ఇతరులు వేసేది ఒక గుర్తు. ఒకసారి చూచిన మనిషిని మరల చూచినప్పుడు మనసులో మేల్కొనేది మరొక గుర్తు. మొదటి దానికి సిరా చాలు. రెండవ దానికి హృదయం కావాలి. ఉర్దూలోని ‘పహచాన్’ అన్న పదానికి సైతం ఆనవాలు అనీ, ఎరుక అనీ ఇటువంటి రెండర్థాలే కలవు. ఈ రెండు భాషలూ ఒకే ప్రాంగణంలో వినిపించే మన కళాశాల పత్రికలో, ఆ రెండర్థాల నడుమనున్న దూరాన్ని గురించి నాలుగు మాటలు చెప్పుకోవడం అసందర్భం కాదనుకుంటాను.

ఈ ఆలోచనకు మూలం ఒక చిన్న కార్డు. ఆటిజం అనే స్థితి గలవారి గుర్తింపు పత్రంపై ఆ విషయాన్ని ముద్రించాలా వద్దా, ముద్రిస్తే దానిని చూచే పోలీసు ఉద్యోగికి ఏమి నేర్పాలి అన్న ప్రశ్నలు గత పది పన్నెండు సంవత్సరాలుగా అమెరికాలోని పలు రాష్ట్రాల శాసనసభల ముందుకు వస్తున్నవి. మన దేశంలో వికలాంగుల కార్డు ఇప్పటికే ఉన్నది. కానీ దానిని గురించిన మన చర్చ తరచుగా పింఛనుతోను, బస్సు రాయితీతోను ఆగిపోతున్నది. నడివీధిలో, రైల్వే ప్లాట్‌ఫారంపై, ఠాణా గుమ్మంలో ఆ కార్డుకు గల విలువ ఎంత అని ప్రశ్నించేవారు అరుదు.

నా అభిప్రాయాన్ని ముందే మనవి చేస్తాను. కోరుకున్నవారికి కార్డు ఉండవలసినదే. అయితే చదివే కన్ను లేని చోట కార్డు నిరుపయోగం. చదివే కన్ను ఉన్న చోట కార్డు లేనివాడు కూడా క్షేమంగా ఇల్లు చేరుతాడు. కనుక కార్డుకన్న ముందు నడవవలసినది శిక్షణ.

ఆటిజం అనగానేమి?

1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో పదకొండుమంది పిల్లల ప్రవర్తనను పరిశీలించి తొలిసారిగా ఈ స్థితిని ఒక ప్రత్యేక లక్షణ సముదాయంగా వర్ణించాడు. మరుసటి సంవత్సరమే వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ దాదాపు ఇదే విషయాన్ని వేరుగా వ్రాశాడు. ఇది అంటువ్యాధి కాదు, గాలి సోకడం కాదు, దిష్టి కాదు, తల్లి ప్రేమలోని లోపం అంతకన్నా కాదు. టీకాల వల్ల వస్తుందని 1998లో ఒక వైద్య పత్రికలో వెలువడిన వ్యాసాన్ని 2010లో ఆ పత్రికయే ఉపసంహరించుకున్నది. ఇది పుట్టుకతో, మెదడు ఎదుగుదలలో ఏర్పడే ఒక భేదం. ఇతరులతో మాట కలపడంలో, ముఖభావాలను చదవడంలో, ధ్వనిని, వెలుగును, స్పర్శను భరించడంలో ఆ భేదం వ్యక్తమవుతుంది. ఈ స్థితి గలవారిలో ఒక్క మాటైనా పలకలేనివారున్నారు, విశ్వవిద్యాలయాలలో పాఠాలు చెప్పేవారూ ఉన్నారు.

ఇక్కడనే చిక్కు ఉన్నది. అంధుని చేతికర్ర దూరం నుంచి కనబడుతుంది. కుంటివాని నడక కనబడుతుంది. ఆటిజం ముఖం మీద కనబడదు. కనబడేది ప్రవర్తన ఒక్కటే. ఆ ప్రవర్తనకు లోకం తనకు తెలిసిన పేర్లే పెడుతుంది: పొగరు, దొంగచూపు, తాగినవాడు, పిచ్చివాడు.

ఠాణా భాష, ఆటిజం భాష

పోలీసు ఉద్యోగి అనుమానితునిలో చూచే లక్షణాలేమిటి? కళ్ళలోకి చూడకపోవడం, పిలిస్తే పలకకపోవడం, చేతులు కదిలించడం, ఒకే చోట అటూ ఇటూ తిరగడం, ముట్టుకుంటే విదిలించుకోవడం, ఉన్నట్టుండి పరుగెత్తడం. ఈ జాబితాను ఆటిజం లక్షణాల పక్కన పెట్టి చూడండి. రెండూ ఇంచుమించు ఒక్కటే. ఇది ఏ ఒక్కరి దౌష్ట్యమో కాదు. రెండు నిఘంటువులలో ఒకే పదానికి రెండు విరుద్ధార్థాలు ఉన్నట్టి విషాదం.

తెలుగు భాషా బోధకునిగా నాకు మరింత ఆందోళన కలిగించే అంశం ఒకటున్నది. ఆటిజం గల కొందరు తాము విన్న మాటను విన్నట్టుగా తిరిగి పలుకుతారు. ‘నేను’ అనవలసిన చోట ‘నువ్వు’ అంటారు. కానర్ తన తొలి వ్యాసంలోనే ఈ సంగతి గుర్తించాడు. ఆంగ్లంలో ఇది వ్యాకరణ దోషంగా మాత్రమే వినబడవచ్చు. తెలుగులో అట్లా కాదు. మన భాషలో గౌరవం, అగౌరవం సర్వనామంలోనే ఉన్నవి. రాత్రి పది గంటలకు బజారులో ఒక కానిస్టేబులు “ఎవడ్రా నువ్వు?” అని గద్దిస్తాడు. ఎదుటి యువకుడు భయంతో “ఎవడ్రా నువ్వు?” అని ఆ మాటనే అప్పజెబుతాడు. అది ప్రతిధ్వని అని తెలియని చెవికి అది ధిక్కారం. తరువాత ఏమి జరుగుతుందో ఊహించడానికి పెద్ద కల్పనాశక్తి అవసరం లేదు.

దీనికి మించిన ప్రమాదం మరొకటి. “నేనే తీశాను అని ఒప్పుకో” అంటే “నేనే తీశాను” అని తిరిగి పలికేవాని మాటను ఏమనాలి? పోలీసు అధికారి ఎదుట చేసిన నేరాంగీకారం న్యాయస్థానంలో సాక్ష్యంగా చెల్లదన్న నియమం 1872 నాటి సాక్ష్య చట్టంలో ఉన్నది, 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఉన్నది. నిజమే. కానీ ఆ ఒక్క మాటతో దర్యాప్తు అటువైపు తిరిగితే, అసలు దొంగ దొరకడు, అమాయకునికి నిద్ర దొరకదు.

ఇక మన ఠాణాలలో వినిపించే పలుకుబడిని గమనించండి. “ఒళ్ళు దగ్గర పెట్టుకో”, “తమాషాగా ఉందా?”, “తోలు ఒలుస్తా”. ఇవన్నీ లక్ష్యార్థాలే గాని వాచ్యార్థాలు కావు. ఆటిజం గలవారిలో చాలామంది మాటను అక్షరార్థంగానే గ్రహిస్తారు. “తమాషాగా ఉందా?” అన్న ప్రశ్నకు “లేదు” అనో, “ఉంది” అనో నిజాయితీగా సమాధానం చెబుతారు. “తోలు ఒలుస్తా” అన్న మాటకు నిజంగానే ఒలుస్తారేమోనని పారిపోతారు. పారిపోయినవాడు దోషి అన్నది వీధి న్యాయం.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 2017లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనం ప్రకారం, ఆటిజం గల యువతలో ఇరవై ఒకటవ ఏడు వచ్చేసరికి సుమారు 20 శాతం మందిని పోలీసులు ఆపి ప్రశ్నించారు. సుమారు 5 శాతం మంది అరెస్టయ్యారు. 2022లో వెలువడిన మరొక పరిశోధనలో, ఆటిజం గల పెద్దలు నిజం చెప్పుతున్నప్పటికీ చూచేవారికి అబద్ధం చెబుతున్నట్టు తోచవచ్చునని తేలినది.

పరదేశాల ప్రయోగాలు

ఈ చిక్కుకు పరిష్కారంగానే కార్డు పుట్టినది. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం 2014లో చేసిన చట్టం ద్వారా, కోరుకున్నవారి డ్రైవింగు లైసెన్సుపై ఆటిజమును సూచించే సంకేతం వేయడానికి వీలు కల్పించినది. ఫ్లోరిడా ‘డి’ అన్న ఒక్క అక్షరాన్ని ఎంచుకున్నది. టెక్సస్ ‘పోలీసు అధికారితో సంభాషించుటలో ఇబ్బంది కలవారు’ అన్న అర్థం వచ్చే వాక్యాన్ని ముద్రిస్తున్నది. ఈ మూడింటిలో టెక్సస్ మార్గం నాకు నచ్చినది. ఎందుచేతనంటే అది రోగం పేరు చెప్పదు, అధికారికి అవసరమైన విషయం మాత్రమే చెబుతుంది. అదే రాష్ట్రం 2019లో మరొక అడుగు వేసి, ఆ సమాచారాన్ని వాహన రిజిస్ట్రేషనుతో జతపరచుకునే వీలు కల్పించినది. బండి నెంబరు చూడగానే, అధికారి కారు దిగకమునుపే, విషయం తెలుస్తుంది.

ఈ రెండవ అడుగు ఎందుకు వచ్చినది? కార్డులో ఒక మౌలిక లోపం ఉన్నది కనుక. కార్డు జేబులో ఉంటుంది. జేబులోకి చేయి పోనివ్వడమే ప్రాణాపాయమైన దేశం అది. ఆయుధం తీస్తున్నాడని అధికారి భ్రమించవచ్చు. రక్షించవలసిన కార్డును చూపబోయి చావు కొని తెచ్చుకోవడమన్నమాట. ఈ కారణంచేతనే కనెక్టికట్ రాష్ట్రం 2020 నుండి నీలి కవరు పద్ధతిని ప్రవేశపెట్టినది. లైసెన్సు, రిజిస్ట్రేషను, బీమా పత్రాలు ఆ కవరులో ఉంచుతారు. అధికారి ఎట్లా మాట్లాడాలో, వాహనం నడిపే వ్యక్తి ఏమి చేయాలో కవరుపైనే ముద్రించి ఉంటుంది. ఇక్కడ గమనించవలసినది ఒకటి: ఆ కవరు ఒక్క పక్షానికే కాక ఇరుపక్షాలకూ పాఠం చెబుతున్నది.

జపానులో 2012లో టోక్యో మహానగర ప్రభుత్వం ఎర్రని ‘సహాయ చిహ్నం’ రూపొందించినది. సంచికి తగిలించుకుంటే, ఈ వ్యక్తికి కంటికి కనబడని ఇబ్బంది ఉన్నదని తోటివారికి తెలుస్తుంది. ఇంగ్లండులో 2016లో గాట్విక్ విమానాశ్రయంలో మొదలైన పొద్దుతిరుగుడుపువ్వుల మెడపట్టీకూ ఇదే ఉద్దేశం. ఈ రెండూ అంగవైకల్యం పేరు చెప్పవు. “కొంచెం ఓపిక పట్టండి” అని మాత్రమే చెబుతాయి.

కార్డు చెప్పలేనిది

అయితే ఎదుటి వ్యక్తికి ఆటిజం అని తెలిసినంత మాత్రాన చేయి ఆగుతుందా? ఈ ప్రశ్నకు చరిత్ర ఇచ్చిన సమాధానం బాధాకరమైనది.

2016 జులై 18న ఫ్లోరిడాలోని నార్త్ మయామిలో చార్లెస్ కిన్సే అనే సంరక్షకుడు, ఆశ్రమం విడిచి వచ్చిన ఒక ఆటిజం గల వ్యక్తిని తిరిగి తీసుకుపోవడానికి వీధిలోకి వచ్చాడు. ఆ వ్యక్తి చేతిలో ఒక బొమ్మ లారీ ఉన్నది. ఎవరో దానిని తుపాకి అని పోలీసులకు ఫోను చేశారు. కిన్సే నేలపై వెల్లకిల పడుకొని, రెండు చేతులూ పైకెత్తి, అది బొమ్మ అని అరిచి చెప్పుతూనే ఉన్నాడు. అయినా కాల్పులు జరిగినవి. తూటా కిన్సే కాలికి తగిలినది. తాను గురిపెట్టినది ఆటిజం గల వ్యక్తిపైన అని ఆ అధికారి వివరణ. కార్డుకన్న బిగ్గరగా ఒక మనిషి నోటితో చెప్పుతున్నాడు, వినేవాడు లేడు.

2020 సెప్టెంబరు 4న సాల్ట్‌లేక్ నగరంలో ఒక తల్లి, ఆటిజం గల తన పదమూడేళ్ళ కుమారుడు అదుపు తప్పినాడని, వైద్య సహాయం కోసం తానే పోలీసులకు ఫోను చేసినది. వాని స్థితిని చెప్పినది. వచ్చిన పోలీసులు ఆ నిరాయుధ బాలుని పలుమార్లు కాల్చారు. బాలుడు ప్రాణాలతో బయటపడ్డాడు.

అదే సంవత్సరం మే 30న జెరూసలేం పాతనగరంలో ఇయాద్ అల్ హల్లాఖ్ అనే ముప్పది రెండేళ్ళ పాలస్తీనా వ్యక్తి, తాను రోజూ పోయే ప్రత్యేక విద్యాకేంద్రానికి నడచిపోతూ ఇజ్రాయెల్ సరిహద్దు పోలీసుల తూటాలకు బలియైనాడు. ఆయన ఆటిజం గలవాడు, నిరాయుధుడు. ఆయన వికలాంగుడని ఆయన సంరక్షకురాలు కేకలు వేసిందని నాటి వార్తలు తెలిపినవి. కాల్చిన అధికారిని 2023 జులైలో న్యాయస్థానం నిర్దోషిగా విడుదల చేసినది.

ఈ మూడు సంఘటనలలోనూ సమాచారానికి కొరత లేదు. కొరత వచ్చినది సమాచారాన్ని స్వీకరించే మనసుకు. అనుమానం ముందే నిండిపోయిన పాత్రలో మరొక చుక్కకు చోటుండదు. అందులోనూ ఎదుటివాడు ‘మనవాడు కాదు’ అన్న భావం తోడైతే, ఆ పాత్ర మూత బిగించుకుంటుంది.

మరొక ఉదాహరణ ఇంకా ఆలోచింపజేసేది. 2017 జులైలో అరిజోనా రాష్ట్రంలోని బకై పట్టణంలో, పార్కులో కూర్చొని ఒక దారపు ముక్కను ముఖం ముందు ఆడించుకుంటున్న పద్నాలుగేళ్ళ ఆటిజం గల బాలుని ఒక అధికారి చూచాడు. ఆ విధంగా చేతితో ఏదో ఒకటి ఆడించుకోవడం ఆటిజం గలవారికి మనసు కుదుటపరచుకునే సాధనం. అధికారి మాత్రం మత్తుమందు సేవించినాడని అనుమానించాడు. బాలుడు తాను చేస్తున్నదేమిటో చెప్పినప్పటికీ నేలపై పడవేసి అదిమిపట్టాడు. బాలునికి గాయాలైనవి. ఆ అధికారికి ఏ శిక్షణా లేదా? ఉన్నది. మత్తుమందులు సేవించినవారిని గుర్తుపట్టడంలో ప్రత్యేక శిక్షణ పొందినవాడే. కన్ను తనకు నేర్పినదానినే చూస్తుంది. ఆటిజమును గుర్తుపట్టడం నేర్పని కన్ను, తనకు నేర్పిన మత్తుమందునే చూచినది.

కనుక శిక్షణ శక్తిమంతమైనది. మంచికైనా, చెడుకైనా. 2017లోనే ఫ్లోరిడా రాష్ట్రం పోలీసుల నిరంతర శిక్షణలో ఆటిజమును ఒక పాఠ్యాంశంగా చేర్చుతూ చట్టం చేసినది. అంతకు ఎంతో ముందు, 1988లోనే మెంఫిస్ నగర పోలీసులు మానసిక సంక్షోభంలో ఉన్నవారితో వ్యవహరించడానికి ప్రత్యేక దళాన్ని ఏర్పరచి, నలభై గంటల శిక్షణ ఇవ్వసాగారు. ఆ పద్ధతి తరువాత దేశమంతటా వ్యాపించినది. నలభై గంటలంటే ఎంత? ఒక వారం పని. ఒక ప్రాణానికి వెల కట్టినప్పుడు అది ఎక్కువా?

మన దేశం, మన చట్టం

1995 నాటి మన వికలాంగుల చట్టంలో ఆటిజమునకు చోటు లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం దానిని మొదటిసారి పేర్కొన్నది. 2017 ఏప్రిల్ 19 నుండి అమలులోకి వచ్చిన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవై ఒక్క వైకల్యాలను గుర్తించినది. అందులో ఆటిజం ఒకటి. ఆటిజం ధ్రువపత్రానికి ఆధారమైన కొలమానం ఎక్కడ తయారైనదో తెలిస్తే మనం కొంత గర్వపడవచ్చు. సికిందరాబాదులోని మనోవికాసనగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ దానిని రూపొందించినది. అందులో నలభై ప్రశ్నలున్నవి. ఒక్కొక్కదానికి ఒకటి నుండి అయిదు మార్కులు. మొత్తం డెబ్బైకి తక్కువైతే ఆటిజం లేనట్లు, 70 నుండి 106 వరకు స్వల్పం, 107 నుండి 153 వరకు మధ్యమం, ఆపైన తీవ్రం. 2016 ఏప్రిల్ 25న కేంద్ర ప్రభుత్వం దీనిని ధ్రువీకరణకు అధికారికంగా ప్రకటించినది.

ఈ ధ్రువపత్రాన్నిబట్టి ఇచ్చేదే వికలాంగుల ఏకైక గుర్తింపు కార్డు. దానిపై వైకల్యం పేరు, శాతం ఉంటాయి. శాతాన్నిబట్టి తెలుపు, పసుపు, నీలం రంగులు. మన తెలుగు నాట ‘సదరం’ అన్న పేరు వినని ఇల్లు లేదు. ఆ శిబిరాల ముందు తెల్లవారుజాము నుంచి నిలిచే తల్లులను మనందరం చూస్తూనే ఉన్నాము. కార్డు దొరికితే పింఛను, రాయితీ. కార్డు దొరకకపోతే మరల ఆరు నెలలు. ఇంత శ్రమపడి సంపాదించిన కార్డును ఒక కానిస్టేబులు చేతికిస్తే, అతడు దానిని బస్సు పాసు వలె చూచి తిరిగి ఇచ్చేస్తే, ఆ శ్రమ సగం వృథా అయినట్లే.

చట్టం మాత్రం ఈ విషయంలో నోరు విప్పి చెప్పినది. 2016 చట్టంలోని 7వ సెక్షను, వికలాంగునిపై దౌర్జన్యం జరిగినట్టు తెలిసిన పోలీసు అధికారి ఆ వ్యక్తికి అతని హక్కులను, ఉచిత న్యాయ సహాయాన్ని గురించి తెలియజేయాలని విధిస్తున్నది. 47వ సెక్షను మరింత స్పష్టం. పంచాయతీ సభ్యులు, శాసనసభ్యులు, పరిపాలనాధికారులు, పోలీసులు, న్యాయమూర్తులు, న్యాయవాదులు మొదలైనవారి శిక్షణలన్నింటిలో వికలాంగుల హక్కుల బోధన తప్పనిసరి కావాలన్నది దాని సారాంశం. దర్యాప్తులో సాక్షిగా పిలవవలసి వచ్చినప్పుడు శారీరక, మానసిక వైకల్యం గలవారిని వారి నివాసంలోనే విచారించాలని 2023 నాటి నాగరిక సురక్షా సంహితలోని 179వ సెక్షను చెబుతున్నది. ఈ రక్షణ పాత నేర విచారణ ప్రక్రియా స్మృతిలోనూ ఉన్నదే. చట్టం ఉన్నది. దానిని చదివి వినిపించే నోరు, విని ఆచరించే చెవి కావాలి.

ఇక కార్డు లేనివారి మాట. ఆటిజమును గుర్తించే వైద్యులు పట్టణాలలోనే దొరకడం కష్టం. పల్లెలో అటువంటి బిడ్డ ‘మొద్దు’ గానో, ‘దేవుని బిడ్డ’ గానో పెరిగిపోతాడు. ఆడపిల్లలయితే ఇంటి మూలనే ఉండిపోతారు. పేరు లేని స్థితికి ధ్రువపత్రం ఎక్కడిది? కార్డు ఒక్కటే రక్షణ అన్న భావం బలపడితే, “కార్డు లేదుగా, అయితే నాటకమే” అన్న మాట వెంటనే వస్తుంది. అంటే, కొందరిని కాపాడవలసిన పత్రం, అది లేని మరి కొందరిని దోషులుగా నిలబెడుతుంది. ఈ ప్రమాదాన్ని కార్డును సమర్థించేవారు తగినంతగా ఆలోచించలేదని నా అనుమానం.

ప్రమాదం పోలీసుల నుండి మాత్రమే కాదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నవన్న వదంతులు మన తెలుగు రాష్ట్రాలలో సెల్‌ఫోనుల ద్వారా వ్యాపించి, అమాయకులు గుంపుల చేతిలో దెబ్బలు తిన్నారు, ప్రాణాలు సైతం కోల్పోయారు. ఇటువంటి వేళ, పేరు అడిగితే చెప్పలేనివాడు, ఊరు అడిగితే దిక్కులు చూచేవాడు ఏమైపోతాడు? గుంపు కార్డు అడగదు. అప్పుడు అతనికి దిక్కు సకాలంలో వచ్చే పోలీసే. ఆ వచ్చిన పోలీసుకు అతడెవరో తెలియాలి.

మరొక వైపు నుండి చూచినా పోలీసు అవసరమే. ఆటిజం గల పిల్లలలో 49 శాతం మంది నాలుగేళ్ళ వయసు తరువాత ఒక్కసారైనా ఇల్లో బడో విడిచి వెళ్ళిపోయే ప్రయత్నం చేసినట్టు 2012లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం తెలిపినది. మాట రాని బిడ్డ తప్పిపోతే తల్లిదండ్రుల గుండె ఏమవుతుందో చెప్పనక్కరలేదు. అటువంటప్పుడు బిడ్డ మెడలోనో జేబులోనో ఉన్న కార్డు నిజంగా ప్రాణదాత. అందుచేతనే కార్డును నేను తిరస్కరించడం లేదు. అయితే ఆ వేళ పనికివచ్చేది వైకల్యం శాతం కాదు, ఇంటి ఫోను నెంబరు.

ఏమి చేయవలెను?

పోలీసు ఉద్యోగి పక్షాన కూడా న్యాయం ఆలోచించాలి. పండుగ బందోబస్తు, నాయకుల పర్యటన, రాత్రి గస్తీ, వీటి నడుమ అతనికి నిద్రే కరువు. నిర్ణయానికి అతనికి దొరికేది కొన్ని క్షణాలు. దొంగ కూడా ఆటిజం నటించవచ్చు గదా అని అతడు అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం ఉన్నది. నేర్పవలసిన నియమాలు బహు స్వల్పం. సైరను, మెరిసే దీపం ఆపాలి. ఒక్కరే మాట్లాడాలి. చిన్న వాక్యంలో, సామెతలూ బెదిరింపులూ లేకుండా, ఒకసారికి ఒకే ప్రశ్న అడగాలి. సమాధానానికి ఆగాలి. చెప్పకుండా ముట్టుకోరాదు. కళ్ళలోకి చూడలేదని అనుమానించరాదు. వెంట ఉన్నవారి మాట వినాలి. దొంగ విషయంలో ఈ నియమాలు పాటించినా నష్టమేమీ లేదు, రెండు నిమిషాల ఆలస్యం తప్ప.

పైగా ఈ నియమాల వల్ల లాభపడేది ఆటిజం గలవారు ఒక్కరే కాదు. చెవిటివారున్నారు. మతిమరుపు వ్యాధితో ఇల్లు మరచిన ముసలివారున్నారు. చక్కెర పడిపోయి తాగినవాని వలె తూలే మధుమేహ రోగి ఉన్నాడు. ఇటుక బట్టీలో పనికి వచ్చి, తెలుగు రాక బిక్కమొగం వేసే ఒరిస్సా కూలీ ఉన్నాడు. వీరందరికీ ఆ రెండు నిమిషాలు ప్రాణాధారం.

శిక్షణ ఎవరికి ముఖ్యం? అధికార సోపానంలో పైమెట్టున ఉన్నవారికన్న, వీధిలో మొదట ఎదురయ్యే కానిస్టేబులుకు, హోంగార్డుకు. 1975 నుండి జాతీయ పోలీసు అకాడమీ హైదరాబాదులోనే ఉన్నది. ఆటిజమును కొలిచే కొలమానం పుట్టినది జంటనగరమైన సికిందరాబాదులోనే. కొలిచే చేయి, కాపాడే చేయి ఒకే ఊరిలో ఉన్నవి. ఈ రెండు చేతులూ కలిసి, తెలుగులో, ఉర్దూలో, కానిస్టేబులు చదువగల చిన్న పుస్తకం ఒకటి, అభ్యాసంతో కూడిన పాఠం ఒకటి తయారుచేయడం అసాధ్యమా? అయితే వేదికపై ఒక ఉపన్యాసం, చప్పట్లు, ఫోటో, ఇంతటితో సరిపెడితే ఫలితం శూన్యం. శిక్షణ వల్ల తెలివిడి, ధైర్యం పెరుగుతున్నట్టు పరిశోధనలు చెబుతున్నవి. కానీ తెలివిడి నడవడిగా మారాలంటే ఆటిజం గలవారు, వారి తల్లిదండ్రులు స్వయంగా తరగతిలో ఉండాలి. వారి ముందే మాట్లాడి నేర్చుకోవాలి. నేర్చినది తప్పినప్పుడు జవాబు చెప్పుకునే బాధ్యత కూడా ఉండాలి.

కార్డు విషయంలో మూడు షరతులు నాకు ముఖ్యంగా తోచుచున్నవి. ఒకటి, అందరికీ ఉండే లైసెన్సు మీదనో, ఆధారు కార్డు మీదనో వైకల్యం పేరు వేయడం వ్యక్తి ఇష్టం లేకుండా జరుగరాదు. సిమ్‌కార్డు అమ్మేవానికి, లాడ్జి గుమాస్తాకు ఆ సంగతితో పనిలేదు. రెండు, కార్డు చూపకపోవడం ఎన్నడూ తప్పుగా పరిగణింపబడరాదు. మూడు, కార్డుపై వ్యాధి పేరుకన్న ముఖ్యంగా, చేయవలసిన పని ముద్రించాలి: “నెమ్మదిగా మాట్లాడండి. ముట్టుకోకండి. ఈ నెంబరుకు ఫోను చేయండి.”

మొదటి షరతును గూర్చి మనవంటివారికి వివరించి చెప్పనక్కరలేదు. అద్దె ఇంటికి పోయి పేరు చెప్పగానే యజమాని ముఖం మారడం మనలో ఎందరు చూడలేదు? అంతవరకు ఖాళీగా ఉన్న ఇల్లు మరుక్షణమే ఎవరికో మాట ఇచ్చినదైపోతుంది. మన పేరే మనకొక గుర్తు. దానిని మనం గర్వంగానే ధరిస్తాము. కానీ ఎదుటివాని మనసులో ఏ అర్థం ముందే వ్రాసి ఉన్నదో అది మన చేతిలో లేదు. గుర్తు ధరించేవానిదే అయినా, దాని అర్థం చదివేవాని చేతిలో ఉంటుంది. కనుక గుర్తు వేయకముందే చదివేవానికి చదువు చెప్పాలి. అల్పసంఖ్యాకులమైన మనం ఈ సత్యాన్ని ఇతరులకన్న ముందు గ్రహించగలం. గ్రహించి, మనకన్న అల్పసంఖ్యాకులైన వారి కోసం మాట్లాడడం మన విధి.

పవిత్ర ఖురానులో ‘అబస’ అనే అధ్యాయమున్నది. ప్రవక్త మక్కా ప్రముఖులతో సంభాషిస్తుండగా ఒక అంధుడు వచ్చి మధ్యలో ప్రశ్నించడం, ప్రవక్త నుదురు ముడివడడం, అందుకు దైవవాణి మందలించడం ఆ అధ్యాయ సందర్భంగా వ్యాఖ్యాతలు చెబుతారు. ఆ అంధుడే ఇబ్న్ ఉమ్మె మక్తూమ్. అనంతరకాలంలో మదీనాలో అజాఁ పలికే గౌరవం ఆయనకు దక్కినది. సమయం కాని సమయంలో వచ్చినవాడు, మర్యాద ఎరుగనట్టు మాట్లాడినవాడు అని మనం విసుక్కునే వ్యక్తి విషయంలో మన నుదుటి ముడత కూడా లెక్కకు వస్తుందన్నది ఆ పాఠం.

విద్యార్థినీ విద్యార్థులారా! మీలో ఎందరో రేపు కానిస్టేబులు పరీక్షకు పరుగు పందెం తీయబోతున్నారు. కొందరు న్యాయవాదులవుతారు, కొందరు సదరం శిబిరంలో గుమాస్తాలవుతారు, కొందరు బడిపంతుళ్ళవుతారు. మీ చేతికి ఒకనాడు అటువంటి కార్డు ఒకటి వస్తుంది. లేదా కార్డు ఏదీ లేకుండా, మీ ప్రశ్ననే మీకు తిరిగి అప్పజెప్పే ఒక మనిషి మీ ఎదుట నిలబడతాడు. ఆ క్షణాన మీరు ఏ అకాడమీలో ఏమి నేర్చుకున్నారన్నది మాత్రమే అతని మేలుకీడులను నిర్ణయిస్తుంది. ప్రభుత్వం నేర్పేవరకు ఆగనక్కరలేదు. పైన చెప్పిన ఆరేడు నియమాలు ఈ రాత్రికే నేర్చుకోవచ్చును.